17 ఏళ్లు, 206 సెం.మీ., పాదంలో నావిక్యులర్ ఫ్రాక్చర్: ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ సెంటర్‌గా నిలబడతాడా?

మేనమామ_తిరుపతి
అక్క కొడుకు గురించి అడుగుతున్నా. 17 నిండినాయి, ఇంటర్ రెండో సంవత్సరం. చెప్పుల్లేకుండా 206 సెంటీమీటర్లు, చేతులు బార చాపితే 214, నిలబడి చెయ్యెత్తితే 272. బరువు 88 కిలోలు. బాస్కెట్‌బాల్‌లో ఆడేది సెంటరే (రింగు దగ్గర ఆడే పొడుగోడి స్థానం), ఆ ఎత్తుకి ఇంకేం ఆడిస్తారు.

సమస్యంతా కుడి పాదం. దసరా నుంచీ పరుగెత్తితే పాదం పైన నడిమధ్యలో నొప్పి. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదు, బెణుకు అన్నారు. మాత్రలు మింగి టోర్నమెంట్ ఆడేసినాడు. ఇప్పుడు ఎంఆర్‌ఐ తీయిస్తే నావిక్యులర్ (పాదం మధ్యలో చిన్న ఎముక)లో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే భారం పడి వచ్చే చీలిక, అని వచ్చింది. చెన్నైలో ఒక కాలేజీ వాళ్లు జూన్‌లో చేరితే ఫీజు, హాస్టల్, తిండి అంతా మాదే అంటున్నారు. ఇక్కడి కోచ్ మూడు వారాలు రెస్ట్ ఇచ్చి మళ్లీ దించుదాం అంటాడు. బావేమో ఆట చాలు, ఈఏపీసెట్ కోచింగ్‌లో కూర్చోబెడదాం అంటాడు.

ఈ కాలుతో వీడికి ఆటలో బతుకు ఉందా లేదా? ఎత్తు చూసి మురిసిపోవద్దని చెప్పినా ఫర్వాలేదు, నిజం చెప్పండి.

లీలామహల్_సెంటర్
206 ఉన్నోడిని కోచింగ్ సెంటర్‌లో ఏ బెంచీలో ఇరికిస్తాడు మీ బావ?

కొర్లగుంట_ఫిజియో
మూడు వారాల రెస్ట్ అనే మాట మర్చిపోండి. పాదంలో ఏ ఎముక విరిగినా ఒకటే లెక్క కాదు. నావిక్యులర్‌ని వెనక నుంచి టాలస్ అనే చీలమండ ఎముక, ముందు నుంచి క్యూనిఫారం ఎముకలు నొక్కుతుంటాయి, అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి. వేళ్ల మీద లేచి దూకిన ప్రతిసారీ ఆ నొక్కుడు పడేది ఎముక నడిమి భాగం మీద. రక్తం సరిగా అందనిదీ ఆ భాగానికే. అందుకే చీలిక అక్కడే పుడుతుంది, అక్కడే మానకుండా మొండికేస్తుంది.

మొదటి ఎక్స్‌రేలో దొరకకపోవడం ఈ ఎముక విషయంలో మామూలే, అందుకే బెణుకు ఖాతాలోకి పోతుంది. పాదం పైన మధ్యలో వేలితో గట్టిగా నొక్కితే ఒకే ఒక్క చోట కాలు వెనక్కి లాక్కుంటాడు, ఆ చోటు ముఖ్యం. తర్వాత మానిందా లేదా అని చూసేదీ అక్కడే.

చికిత్స: మోకాలి కింద నుంచి ప్లాస్టర్, కాలు నేలకి అస్సలు మోపకుండా ఆరు నుంచి ఎనిమిది వారాలు. పట్టీ కట్టుకుని మెల్లగా నడుస్తూ తీసుకునే రెస్ట్ దీనికి రెస్ట్ కిందికి రాదు. 1992లో ఆస్ట్రేలియా అథ్లెట్ల మీద వచ్చిన అధ్యయనంలో కాలు మోపకుండా ప్లాస్టర్‌లో ఉన్నవాళ్లలో 86 శాతం మందికి మానింది. నడుస్తూ ఆట మాత్రం తగ్గించుకున్నవాళ్లలో 26 శాతమే.

స్కాన్_చూసినోడు
ఎంఆర్‌ఐ ఎముకలో వాపు ఉందని చెప్తుంది. చీలిక ఎంత లోతుకు పోయింది అనేది సీటీలో తెలుస్తుంది. మామూలు సీటీ అని రాయించుకుంటే చాలదు, మిల్లీమీటరు మందం ముక్కలతో, నావిక్యులర్ వాటానికి సరిపోయేట్టు తీయాలని డాక్టరు చీటీలో ఉండాలి. మందం ముక్కలు తీస్తే సన్న చీలిక రెండు ముక్కల మధ్య జారిపోతుంది.

చూడాల్సింది మూడే. చీలిక పై పెంకు దగ్గరే ఆగిందా, ఎముక లోపలికి దిగిందా, అవతలి పెంకు దాకా చీల్చేసిందా. మొదటిదానికి ప్లాస్టర్ చాలు. మూడోదైతే సర్జన్ స్క్రూల మాట ఎత్తుతాడు. అంచులు తెల్లగా గట్టిపడి ఉంటే పాత చీలిక, దానికి తుంటి నుంచి ఎముక తీసి పెట్టాల్సి రావచ్చు. దసరా నుంచి నొప్పి, పైగా టోర్నమెంట్ ఆడినాడు అంటున్నారు కాబట్టి అంచులు ఎట్లా ఉన్నాయో తప్పకుండా అడగండి.

మెసానికల్_గ్రౌండ్
మీరంతా కలిసి పిలగాడిని మంచానికి కట్టేస్తా ఉండారు. ఎత్తు అనేది అంగట్లో దొరికేది కాదు. చెన్నైవోళ్లు పిలస్తా ఉంటే పోవాల. ఆడ ఫిజియో ఉంటాడు, జిమ్ ఉంటాది, చెక్క ఫ్లోరు ఉంటాది. ఈడ ఏముంది? సిమెంటు మీద దూకీ దూకీ కాలు పోగొట్టుకున్నాడు. ఇంకో ఏడాది ఈడే ఉంటే రెండో కాలు గూడా పోతాది.

బాక్స్_అవుట్_బాబు
సిమెంటు గురించి @మెసానికల్_గ్రౌండ్ చెప్పింది నిజం. జూన్‌లో పోయి దూకడమే తప్పు.

కాలు కాసేపు పక్కన పెట్టి ఆటగాడిని చూద్దాం. 206 అనగానే అందరూ సెంటర్ అంటారు. సెంటర్‌కి ఎత్తుకన్నా నిలబడి చెయ్యెత్తే కొలత ముఖ్యం. 272 అంటే 305 ఉన్న రింగుకి 33 తక్కువ. మన దగ్గర అది చాలా ఎక్కువ. ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ లీగు) అసలు సెంటర్లు చాలామంది 275 నుంచి 285 దాకా ఉంటారు, అక్కడ వీడు ఫార్వర్డ్ (సెంటర్ కన్నా బయట, కదులుతూ ఆడేవాడు). అమ్‌జ్యోత్ సింగ్ 203 ఉండి ఫార్వర్డ్‌గానే జీ లీగ్ (ఎన్‌బీఏ కింది లీగు) దాకా పోయినాడు. సత్నాం సింగ్ 218 ఉండి, 2015 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్తవాళ్లని వరసగా ఎంచుకునేది) 52వ పిక్‌గా డాలస్ తీసుకున్నా, ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఎత్తు తలుపు తీయిస్తుంది, లోపల నిలబెట్టేది పాదాల చురుకు.

కాబట్టి అడగాల్సినవి వేరే. మొదటి దూకుడు కాదు, రెండోది ఎంత వేగంగా దూకుతాడు? రీబౌండ్‌కి లేచి, బంతి చేజారి, కింద పడగానే మళ్లీ లేవగలడా, లేక మోకాళ్లు మడిచి ఊపిరి పీల్చుకుని అప్పుడు లేస్తాడా? పిక్ అండ్ రోల్‌లో (ఒకడు అడ్డం నిలబడి బంతి ఉన్నవాడికి దారి ఇచ్చే ఆట) గార్డ్ ఎదురుగా వచ్చినప్పుడు వెనక్కి జరుగుతూ ఇద్దరినీ కాస్తాడా, ముందుకు ఉరికి తేలిపోతాడా? మ్యాచ్‌కి ఎన్ని ఫౌళ్లు? ఫ్రీ త్రో శాతం ఎంత? ఈ నాలుగూ చెప్పండి.

మేనమామ_తిరుపతి
@బాక్స్_అవుట్_బాబు ఫ్రీ త్రోలు బాగానే వేస్తాడు, వందకి 68, 70. ఫౌళ్లే ఎక్కువ, మూడో క్వార్టర్‌కే నాలుగు అయిపోతాయి. రెండో దూకుడు అంటే... కాలు నొప్పి రాకముందు బాగానే ఉండేది. వెనక్కి జరగడం రాదు, పైకి ఉరుకుతాడు.

బాక్స్_అవుట్_బాబు
70 అంటే చాలా మంచి సంకేతం. ఆ వయసు పొడుగు పిల్లల్లో చేతి మెత్తదనం తెలిసేది ఫ్రీ త్రోలోనే, మూడు పాయింట్ల షాటు తర్వాత నేర్పించుకోవచ్చు. ఫౌళ్లు పాదాలు ఆలస్యమైతే వస్తాయి, చెయ్యి కిందికి కొడతాడు. రెండు చేతులూ నిలువుగా ఎత్తి ఛాతీతో ఆపడం నేర్పితే సగం తగ్గుతాయి.

ఇంకో మాట. మనం ఆడేది ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) రూల్స్. డిఫెన్స్‌లో మూడు సెకన్ల రూలు లేదు, సెంటర్ రింగు కిందే కాపురం ఉండొచ్చు. బంతి రింగుకి తగిలిన తర్వాత ఎవరైనా కొట్టేయొచ్చు. ఈ రెండూ కాలు బాగాలేని పొడుగోడికి వరం. ఎన్‌బీఏ వీడియోలు చూసి బయట గార్డుల వెంట పరుగెత్తించే కోచ్ చేతిలో పడితే మాత్రం అదే కాలు మళ్లీ పోతుంది.

లీలామహల్_సెంటర్
నావిక్యులర్ అనగానే అందరూ యావో మింగ్ (ఎన్‌బీఏలో ఆడిన చైనా సెంటర్) అంటారు, నేనూ అక్కడే మొదలుపెడతా. మొదటి మూడు సీజన్లలో అతను మిస్సయింది రెండే రెండు మ్యాచ్‌లు. దానికి తోడు వేసవి మొత్తం చైనా జట్టుకి ఆడాడు. తర్వాత ఎడమ పాదం విరగడం మొదలైంది, 2009లో ఆర్చ్ (పాదం కింది వంపు) తగ్గించే ఆపరేషన్, 2009-10 సీజన్ మొత్తం పోయింది, 2011లో రిటైర్. మొత్తం 486 మ్యాచ్‌లు.

అదే పాదం సమస్య క్లీవ్‌ల్యాండ్ సెంటర్ ఇల్గౌస్కస్‌కి. 1996లో 20వ పిక్, మొదటి ఏడాది కోర్టే ఎక్కలేదు. 1998-99లో 5 మ్యాచ్‌లు, తర్వాతి సీజన్ సున్నా. ఆపరేషన్‌లో పాదం ఎముకల వాటమే మార్చారు. ఆ తర్వాత 2003లో, 2005లో ఆల్‌స్టార్. క్లీవ్‌ల్యాండ్ అతని 11 నంబర్ జెర్సీని రిటైర్ చేసింది. ఫిలడెల్ఫియా సెంటర్ ఎంబీడ్‌కి 2014 డ్రాఫ్ట్‌కి ముందే నావిక్యులర్ ఆపరేషన్, మరుసటి ఏడాది ఎముక పెట్టి మళ్లీ ఒకటి, రెండు సీజన్లు పోయాయి. 2022-23లో ఎంవీపీ (ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు).

జోర్డన్‌కి కూడా 1985లో ఇదే ఎముక, ఆ సీజన్‌లో 64 మ్యాచ్‌లు పోయాయి. అతను సెంటర్ కాదనుకోండి.

మెసానికల్_గ్రౌండ్
చూస్తిరా? ఎంబీడ్ ఎంవీపీ అయినాడు. మీరేమో పిలగాడిని భయపెడతా ఉండారు.

లీలామహల్_సెంటర్
ఎంబీడ్ 2024-25లో ఆడింది 19 మ్యాచ్‌లు సామీ. ఆ మధ్యలో మోకాలు ఎన్నిసార్లు పోయిందో కూడా లెక్కేయాలి. పైగా జట్టు వాళ్లు రెండేళ్లు జీతమిచ్చి కూర్చోబెట్టారు. ఇక్కడ కాలేజీ వాళ్లు రెండు నెలలు కూర్చుంటే హాస్టల్ గది ఖాళీ చేయమంటారు.

కొర్లగుంట_ఫిజియో
@లీలామహల్_సెంటర్ చెప్పినవాళ్ల బరువు చూడండి. యావో 140 కిలోలు, ఎంబీడ్ 127. వీడు 88. బరువు తక్కువ ఉండటం మేలే. కానీ అది ఒక్కటే కాపాడదు, ఎన్‌బీఏ ఆటగాడు హోల్మ్‌గ్రెన్ సన్నగానే ఉంటాడు, 2022 ఆగస్టులో పాదం మధ్య కీళ్ల దగ్గర లిస్‌ఫ్రాంక్ దెబ్బకి మొదటి సీజన్ మొత్తం పోయింది.

ఈ అబ్బాయికి అసలు ఎందుకు విరిగింది అన్నది తేలకపోతే మానినా మళ్లీ విరుగుతుంది. మూడు చూడాలి. ఒకటి, చీలమండ వంగుడు. గోడకి ఎదురుగా నిలబడి, మడమ ఎత్తకుండా మోకాలు గోడకి తాకించమనండి. బొటనవేలికీ గోడకీ మధ్య 10 సెంటీమీటర్ల దూరం ఉన్నా తాకాలి. రెండు కాళ్లకీ తేడా ఉందా చూడండి. వంగుడు తక్కువైతే ఆ భారం అంతా పాదం మధ్యలోకి పోతుంది. ఇది ఎడమ కాలికి ఇప్పుడే చూడొచ్చు, కుడిది ప్లాస్టర్ తీసిన తర్వాతే. రెండు, ఆర్చ్ ఎత్తుగా ఉందా, బొటనవేలి ఎముక పొట్టిగా, రెండోవేలి ఎముక పొడుగ్గా ఉందా. మూడు, దసరా ముందు రెండు నెలల్లో ప్రాక్టీసు ఒక్కసారిగా పెరిగిందా?

మేనమామ_తిరుపతి
పెరిగింది. సెలవుల్లో పొద్దున, సాయంత్రం రెండు పూటలా గ్రౌండ్, దానికి తోడు వారానికి రెండుసార్లు అలిపిరి మెట్లు ఎక్కించేవాడు కోచ్. స్టామినా అని.

పుత్తూరు_పోస్ట్
అలిపిరి 3550 మెట్లు వారానికి రెండుసార్లా!

కొర్లగుంట_ఫిజియో
దొరికింది. మెట్లు ఎక్కడం అంటే వేళ్ల మీద ఒళ్లంతా లేపడం, వేల సార్లు. దిగడం మోకాలి చిప్ప కింద టెండన్‌కి (ఎముకకి కట్టినట్టుండే పట్టీ) దెబ్బ. 206 ఉన్నోడి పాదం మెట్టు మీద పూర్తిగా పట్టనిచోట మడమ గాలిలో ఉంటుంది.  దేవుడి దర్శనానికి ఏడాదికోసారి ఎక్కినా నష్టం లేదు. సెంటర్‌కి స్టామినా కావాలంటే ఈత, సైకిల్. శ్రీవారి మెట్టు పొట్టి దారి కదా అని అటు తిప్పినా ఇదే కథ, 2388 మెట్లు, అవింకా నిటారు.

పుత్తూరు_పోస్ట్
ప్లాస్టర్‌కి బదులు మా పుత్తూరు కట్టు వేయించమని ఇంట్లో పెద్దోళ్లు అంటారు చూడండి. దాని సంగతేంది?

కొర్లగుంట_ఫిజియో
ఏ కట్టైనా బయటి నుంచి ఎముకని కదలనీయకుండా పట్టుకుంటుంది. ఇక్కడ చిక్కు కదలిక కన్నా భారం. కట్టు వేయించుకుని నడిచాడంటే పని అయిపోయినట్టే. సీటీ చూడకుండా ఏ కట్టూ వద్దు, నూనె పట్టించి పిసికించడం అసలే వద్దు.

గాజులమండ్యం_గార్డ్
ప్రొఫెషనల్ అనే మాటకి మన దేశంలో అర్థం ఏందో ముందు తేల్చుకోండి. ఐఎన్‌బీఎల్ (ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) 2022లో మొదలైంది, మంచిదే, కానీ ఏడాది పొడుగునా జీతం ఇచ్చే లీగు ఇంకా లేదు. బాస్కెట్‌బాల్‌తో బతికేవాళ్లలో ఎక్కువమంది రైల్వే, సర్వీసెస్ (సైన్యం), ఐఓబీ (ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్), ఇన్‌కంటాక్స్, పోలీసు జట్ల ఉద్యోగులు. చెన్నైకి విలువ ఉన్నది అందుకే. కాలేజీ జట్టులో ఆడితే ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) వాళ్లూ, ఐఓబీ వాళ్లూ ఎదురుగా ఆడతారు, చూస్తారు.

స్పోర్ట్స్ కోటాలో ఆట ట్రయల్ ఒకటే కాదు, సర్టిఫికెట్లకి మార్కులుంటాయి, అవి ఏ తేదీ తర్వాతివి చెల్లుతాయో నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది. ఏడాది కూర్చుంటే పాతవి ఒక్కొక్కటే లెక్కలోంచి పోతాయి. ఆఖర్న మెడికల్. పాదంలో స్క్రూలు ఉంటే దాచొద్దు, ఆపరేషన్ కాగితాలు, మానిన తర్వాతి సీటీ ఫైల్లో పెట్టుకుని పోవాలి. దాచి, లోపల దొరికితే ఉద్యోగమే పోతుంది.

స్విష్_సుజాత
@గాజులమండ్యం_గార్డ్ చెప్పినదానికి కలుపుతా. ఆ కాలేజీ 'అంతా మాదే' అన్నది కాగితం మీద ఉందా? అడగాల్సినవి ఇవి. మొదటి ఏడాది ఆడకపోయినా సీటు, హాస్టల్ ఉంటాయా? రెండో ఏడాది ఫీజు రాయితీ ఆటతో ముడిపడిందా, హాజరుతోనా? స్కాన్ ఖర్చు ఎవరిది? మళ్లీ కోర్టులో దిగేది ఎప్పుడో నిర్ణయించేది డాక్టరా, కోచా? చివరి దానికి 'కోచ్' అని జవాబొస్తే ఆ సీటు వద్దు. జోన్ టోర్నమెంట్ ముందు రోజు ఏ కోచైనా 206 ఉన్న పిల్లాడిని బెంచీ మీద ఉంచడు.

మీ బావగారికి కూడా ఇది నచ్చే దారే. ఇంటర్ పరీక్షలు ముందరే ఉన్నాయి. ప్లాస్టర్‌లో కూర్చునే వారాలు పుస్తకాల వారాలే. డిగ్రీ చేతిలో ఉంటే కోటా ఉద్యోగంలో పెద్ద పోస్టుకి అర్హత వస్తుంది, కాబట్టి చదువు ఎటూ పోదు.

మెసానికల్_గ్రౌండ్
సుజాతక్క చెప్పింది ఒప్పుకుంటా. నేను పొమ్మన్నది గూడా అందుకే గదా. పోయి ఆడమని కాదు, పోయి ఆడ కుదురుకోమని.

లీలామహల్_సెంటర్
పైన రాసింది అట్లా లేదు మచ్చా, స్క్రీన్‌షాట్ ఉంది.

మెసానికల్_గ్రౌండ్
నీ మూడు పాయింట్ల షాట్లకి గూడా స్క్రీన్‌షాట్లు ఉండాయి, పెట్టమంటావా?

రాగిసంగటి_88
కాలు గొడవలో కడుపు మర్చిపోయినారు. ఆ ఎత్తుకి 88 కిలోలు, రెండు పూటలా ప్రాక్టీసు, ఇంకా ఎదిగే వయసు. తినేది సరిపోకపోతే ఎముక మానదు. హాస్టల్లో సాంబారన్నం, అప్పడం తిని మూడు వేల అయిదొందల కేలరీలు ఎక్కడ వస్తాయి?

లెక్క చూడండి. 100 గ్రాముల రాగిపిండిలో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు, అరలీటరు పాలలో 600, ఒక గిన్నెడు పెరుగులో ఇంకో రెండొందల యాభై. రోజుకి 1200 ఇంట్లోనే అయిపోయింది. సంగటిలో బియ్యం ఎక్కువ, రాగి తక్కువ వేసే ఇళ్లున్నాయి, ఆ ముద్దకి ఈ లెక్క రాదు. విటమిన్ డి రక్తపరీక్ష చేయించండి. తిరుపతి ఎండ ఉంది కదా అనుకోవద్దు, పొద్దున ఆరుకి ముందు గ్రౌండు, ఆ తర్వాత రోజంతా క్లాసు గది, ఎండ ఎక్కడ తగిలింది?

గాజులమండ్యం_గార్డ్
పౌడర్ డబ్బాల జోలికి మాత్రం పోనీయొద్దు. సత్నాంకి హైజినమైన్ పాజిటివ్ వచ్చి రెండేళ్ల నిషేధం పడింది. ఆ పదార్థం సప్లిమెంట్లలో కలిసి వస్తుంది. జాతీయ స్థాయి ఆడే పిల్లాడు ఏ డబ్బా కొన్నా నాడా (డోపింగ్‌ని అడ్డుకునే జాతీయ సంస్థ) పాటించే నిషేధిత జాబితాతో సరిచూసుకోవాలి. దగ్గు మందుకి కూడా అదే వర్తిస్తుంది.

స్విష్_సుజాత
ఇంకొకటి, ఎవరూ ఎత్తలేదు. చాలా పొడుగున్న పిల్లలకి గుండె ఎకో తప్పనిసరి. మార్ఫాన్ (పుట్టుకతో వచ్చే జన్యు లోపం, మనిషి చాలా పొడుగు పెరుగుతాడు) ఉంటే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉబ్బుతుంది, బయటికి ఏమీ తెలీదు. అమెరికా కాలేజీ సెంటర్ ఐజయా ఆస్టిన్‌కి 2014 డ్రాఫ్ట్‌కి కొన్ని రోజుల ముందు మార్ఫాన్ అని తేలి ఎన్‌బీఏ దారి మూసుకుపోయింది. బార కొలతని ఎత్తుతో భాగిస్తే 1.05 దాటితే అనుమానం. మీ అబ్బాయిది 214 బై 206, అంటే 1.04 లోపే. అయినా ఒక్కసారి ఎకో తీయించండి, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో కార్డియాలజీ ఉండనే ఉంది. బొటనవేలు పిడికిట్లో పెట్టి మూస్తే చిటికెనవేలి వైపు నుంచి బయటికి వస్తోందా అనేది ఇంట్లోనే చూడొచ్చు.

మేనమామ_తిరుపతి
బొటనవేలు బయటికి రావట్లేదు, ఇప్పుడే చూసినాం. ఎకో రాయిస్తాం. @కొర్లగుంట_ఫిజియో ప్లాస్టర్ తీసేసినాక ఏం చేయాలో వరస చెప్పండి. మళ్లీ తొందరపెట్టేవాళ్లకి చూపిస్తా.

కొర్లగుంట_ఫిజియో
తీసిన రోజు డాక్టరు అదే చోట నొక్కి చూస్తాడు. నొప్పి ఉంటే మళ్లీ రెండు వారాలు కాలు మోపకూడదు, వాదన లేదు. నొప్పి లేకపోతే మొదటి రెండు వారాలు మామూలు నడక. చీలమండ బిగుసుకుపోయి ఉంటుంది, పిక్క సన్నబడి ఉంటుంది, ముందు వాటిని రాబట్టాలి. ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తడం 25 సార్లు ఆగకుండా వచ్చేదాకా పరుగు మాట ఎత్తొద్దు. ఈ దశలో ఈత, లోతు నీళ్లలో పరుగు చేయొచ్చు.

తర్వాత గడ్డి మీద రోజు మార్చి రోజు అయిదు నిమిషాల మెల్ల పరుగు, వారం వారం పెంచుకుంటూ పోవాలి. ఆపైన రెండు కాళ్ల దూకుడు, ఆఖర్న ఒంటికాలి దూకుడు. ఒంటికాలితో ముందుకి దూకితే కుడికాలి దూరం ఎడమకాలి దూరంలో 90 శాతమైనా ఉండాలి. ఇవన్నీ దాటితే మామూలు ప్రాక్టీసు, అప్పుడూ దూకే లెక్క పెట్టుకోవాలి. ఎవరో ఒకరు పక్కన కూర్చుని గీతలు గీయాలి. ఈ వారం కన్నా వచ్చేవారం కొంచెమే ఎక్కువ. అన్నీ సవ్యంగా పోతే అయిదారు నెలలు, స్క్రూలు పడినా దాదాపు అంతే.

ప్రతి దశలోనూ వేలితో నొక్కి చూడండి. సీటీలో గీత పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది, గీత మిగిలి ఉంది కదా అని హడలిపోవద్దు, గీత పోయింది కదా అని ఎగరొద్దు కూడా. నొప్పి మాత్రలు మింగి ప్రాక్టీసుకి పోవడం ఈసారి కుదరదు, నొప్పే మీకున్న మీటరు.

బాక్స్_అవుట్_బాబు
ప్లాస్టర్‌లో ఉన్న వారాలు ఆటకీ వాడుకోండి. కుర్చీలో కూర్చుని షూటింగ్. రింగుకి రెండు మీటర్ల దూరం, ఒక్క చెయ్యే, మోచెయ్యి రింగు వైపు, రోజూ రెండొందలు. కాళ్ల సాయం లేకపోతే మణికట్టు బాగా తయారవుతుంది. ప్లాస్టర్ కాలు ఇంకో కుర్చీ మీద పెట్టాలి, కింద వేలాడదీస్తే వాస్తుంది. టెన్నిస్ బంతి గోడకి కొట్టి పట్టుకోవడం రెండు చేతులతోనూ.

ఎన్‌బీఏ సెంటర్ బ్రూక్ లోపెజ్‌ని చూపించండి వాడికి. పాదం ఎముకలు 2011లో, 2013లో విరిగాయి. అది నావిక్యులర్ కాదు, చిటికెనవేలి వైపు ఎముక. 2016-17లో మూడు పాయింట్లు వేయడం మొదలుపెట్టి ఆ ఒక్క సీజన్‌లో 134 వేశాడు. దూకుడు తగ్గించి, రింగు కింద నిలబడి కాయడం, బయట నుంచి వేయడం పట్టుకున్నాడు, 2021లో ఛాంపియన్. మీవాడికి 70 శాతం ఫ్రీ త్రో ఉంది, ఈ దారి వీడికి తెరిచే ఉంది.

నా అంచనా అడిగితే: సీటీలో చీలిక పై పెంకు దాకే అయితే ఒక డిపార్ట్‌మెంట్ జట్టు సెంటర్‌గా పదేళ్లు ఆడే సరుకు. విదేశం, జీ లీగ్ అనేది మాత్రం పాదం రెండేళ్లు నిలిచిన తర్వాత మాట్లాడుకునే సంగతి. ప్రిన్స్‌పాల్ సింగ్‌ది దాదాపు ఇదే ఎత్తు, అతను 2020లో జీ లీగ్ జట్టు ఇగ్నైట్‌కి పోయినప్పుడు ఫార్వర్డ్. వీడు కూడా బయటికి పోవాలంటే మూడు పాయింట్ల గీత దగ్గర బంతి పట్టుకోవడం రావాలి.

లీలామహల్_సెంటర్
చీలిక రెండు పెంకులకీ పోతే?

బాక్స్_అవుట్_బాబు
అప్పుడు ఆపరేషన్. ఓడెన్ గుర్తున్నాడా, 2007లో మొదటి పిక్, మోకాళ్ల ఆపరేషన్ల మీద ఆపరేషన్లు, మొత్తం కెరీర్ 105 మ్యాచ్‌లు. అతనిది ఎక్కువగా మోకాలి మృదులాస్థి (కీలులో మెత్తటి పొర) గొడవ, ఇది ఎముక. ఎముక పూర్తిగా మానే అవకాశం ఉంది, మృదులాస్థి అట్లా తిరిగి రాదు. అందుకే ఈ పిల్లాడి విషయంలో నాకు ఇంకా ఆశ ఉంది. మోకాళ్లు కూడా ఒకసారి చూపించుకోండి, నొప్పి కాలుని తప్పించి దూకుతూ నెలల తరబడి ఆడాడు కదా.

స్కాన్_చూసినోడు
ఇంకా ఎదుగుతాడా అన్న ప్రశ్నకి ఎడమచెయ్యి మణికట్టు ఎక్స్‌రే ఒకటి చాలు, ఎముకల వయసు తెలుస్తుంది. ఎదుగుదల పట్టీలు మూసుకుంటే 206 ఆఖరు. తెరిచే ఉంటే ఇంకా రెండు మూడు సెంటీమీటర్లు, అప్పుడు కాలికి ఇంకా జాగ్రత్త.

మేనమామ_తిరుపతి
సీటీ రాయించినాం, చెన్నై పోరూర్‌లో శ్రీరామచంద్ర స్పోర్ట్స్ మెడిసిన్‌లో చూపిస్తాం. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీసినా. కాలేజీ వాళ్లకి సుజాత గారి ప్రశ్నలు మెయిల్ పెట్టినాం, మొదటి ఏడాది సీటు ఉంటుందని ఫోన్లో చెప్పారు, కాగితం మీద ఇవ్వమన్నా. మెట్లు ఆపేశామని కోచ్‌కి చెప్తే ముఖం మాడ్చుకున్నాడు.

ఇప్పుడొచ్చిన చిక్కు ఏందంటే చంక కర్రలు. అంగట్లో ఉన్న పెద్ద సైజు కూడా వీడికి చంక దాకా రావట్లేదు, వంగి నడుస్తున్నాడు.

కొర్లగుంట_ఫిజియో
వంగి నడిస్తే నడుము పట్టేస్తుంది. చంక కింద రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, పిడి పట్టుకుంటే మోచెయ్యి కొంచెం వంగాలి, భారం అరచేతుల మీద పడాలి, చంక మీద పడితే చేతులు తిమ్మిరెక్కుతాయి. బర్డ్ (తిరుపతి ఎముకల ఆసుపత్రి) దగ్గర ఆర్థో సామాను అమ్మేవాళ్లని పొడుగు సైజు అల్యూమినియంవి తెప్పించమనండి. అప్పటిదాకా కింది గొట్టాలు పొడుగువి వేయించుకోవచ్చు, రబ్బరు బుడ్డీలు మాత్రం కొత్తవి పెట్టించండి. తడి బాత్రూంలో అరిగిన బుడ్డీ జారితే రెండో కాలు కూడా పోతుంది.

రాగిసంగటి_88
రైల్లో కాలు చాపుకోవాలంటే చైర్ కార్‌లో కిటికీ సీటు వద్దు, దారి పక్కది తీసుకోండి. టిఫిన్ క్యారియర్ మర్చిపోవద్దు.

లీలామహల్_సెంటర్
షూ సైజు ఎంత మామా? 15 దాటితే ఇక్కడ దొరకదు, ప్లాస్టర్‌లో ఉండగానే ఆర్డర్ పెట్టు. రావడానికి టైం పడుతుంది.

మేనమామ_తిరుపతి
15. రెండో కాలుది అరిగిపోయింది, ఒక్క కాలికి అమ్ముతారా అని వాళ్ళమ్మ అడగమంది.